మా గోడ మీద విమానం వాలింది!

అయ్యబాబోయ్, ఎక్కణ్ణించి మొదలుపెట్టనండీ!

నెల రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. బియ్యం కడుగుతుంటే నోట్లోంచి "కండిషన్ లీవర్" అని వస్తోంది. బడిలో హాజరు పిలుస్తూ తొమ్మిదో నంబరు దగ్గర "నైనర్" అనేశాను! తెలుగు టీచరమ్మ నోట ఆ మాటేమిటని పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకి కథంతా చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతాను. చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మా అక్క కూతురు పైలట్ అవుతోంది!

లైసెన్సు వచ్చి చాన్నాళ్ళయింది లెండి. ఇంటర్‌లో ఎంపీసీ చదివింది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసింది. ఎక్కడో ఉత్తరాదిన చిన్న విమానం మీద 200 గంటలు ఎగిరింది. కమర్షియల్ లైసెన్సు తెచ్చుకుని ఉద్యోగం కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. అక్కావాళ్ళు కామవరపుకోట దగ్గరున్న పామాయిల్ తోట తాకట్టు పెట్టారు. ఇదంతా నాకు తెలుసు. లైసెన్సు చేతికొచ్చాక ఇంకేముంది, తెల్లచొక్కా వేసుకుని వెళ్ళి నడిపేయడమే కదా అనుకునేదాన్ని. అసలు చదువు ఆ తర్వాతే మొదలవుతుందని నాకేం తెలుసు!

చిన్న ఊళ్ళని కలిపే ఎయిర్‌లైన్ కంపెనీ ఒకటి ఈమధ్యే తనని తీసుకుంది. హైదరాబాద్‌లో క్లాసులు అయ్యాయి. సిమ్యులేటర్ మొదలయ్యేలోపు పదిరోజులు ఖాళీ దొరికింది. తోటలో సిగ్నల్ సరిగ్గా రాదని, చదువుకోవడానికి జంగారెడ్డిగూడెంలో మా ఇంట్లో దిగింది. భుజాన బ్యాగు, చంకలో పొడుగాటి కాగితపు చుట్ట.

ఆ చుట్ట విప్పింది చూడండీ... గోడంతా విమానం!

నిలువెత్తు కాక్‌పిట్ బొమ్మ! అయిదు తెరలు, వందలకొద్దీ మీటలు, దీపాలు, బుడిపెలు. మీదుండాల్సిన ప్యానెల్‌ని బీరువా పైనుంచి ఏటవాలుగా వేలాడదీసింది. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా తెచ్చి, అందులో రెండు గరిటెలు, రెండు అట్లకాడలు నిలబెట్టింది. గరిటెలేమో పవర్ లీవర్లు. అట్లకాడలు కండిషన్ లీవర్లు. ఒకటి ఎడమ ఇంజిన్‌కి, ఒకటి కుడి ఇంజిన్‌కి.

"పిన్నీ, రా. ఎడమవైపు కూర్చో. నువ్వు కెప్టెన్‌వి."

నేనా! కెప్టెన్‌నా! కూర్చున్నాను. కూర్చున్నదాన్ని పది రోజులు లేవలేదంటే నమ్మండి.

మొదట విమానం సంగతి చెప్పాలి. దాని పేరు ఏటీఆర్ 72-600. ఫ్రాన్స్‌లో తులూజ్ అనే ఊళ్ళో తయారవుతుంది. ఏటీఆర్ అంటే వాళ్ళ భాషలో ప్రాంతీయ రవాణా విమానాలని అర్థమట. పేరులోనే మన చిన్న ఊళ్ళున్నాయి! డెబ్భై పైచిలుకు సీట్లు. రెక్కలు పైన, రెక్కలకి రెండు ఇంజిన్లు, ఒక్కోదానికి ఆరు ఆకుల ఫ్యాను. ఇన్నాళ్ళూ నేను "ఫ్యాన్ల విమానం అంటే పాతకాలం సరుకు, పెద్ద విమానాలు కొనలేనివాళ్ళు వాడేది" అని అందరికీ చెప్పేదాన్ని. ఎంత పొరపాటు! దగ్గర దూరాలకి జెట్ కన్నా దీనికి చాలా తక్కువ ఇంధనం చాలు. నిండుగా బరువేసినా దాదాపు 1,300 మీటర్ల రన్‌వే ఉంటే లేచిపోతుంది. లోపలేమో కొత్తగా మెరిసిపోయే తెరలు. చిన్న ఊరికి విమానం రావాలంటే వచ్చేది ఇదే! 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళని కలిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన రోజు, కడప నుంచి హైదరాబాద్‌కి ఎగిరిన ట్రూజెట్ విమానం కూడా ఏటీఆరే.

ఇక ఆట మొదలైంది.

నాకు మొదట చెప్పిన మాట: "పిన్నీ, ఇప్పుడు నేను పీఎఫ్, నువ్వు పీఎం." ప్రధానమంత్రి అనుకున్నాను! కాదు. పీఎఫ్ అంటే నడిపే పైలట్. పీఎం అంటే చూసే పైలట్. ఒకళ్ళు నడుపుతుంటే రెండోవాళ్ళు చూస్తూ ఉండాలి. ఊరికే కాదు, కళ్ళు విప్పుకుని, వేగం, ఎత్తు, దిక్కు, ఇంజిన్లు, దార్లో మబ్బులు, రేడియో అన్నీ చూస్తూ ఉండాలి. తేడా వస్తే పైకి చెప్పాలి. కెప్టెన్ ఎప్పుడూ నడిపేవాడే అయ్యుండాలని లేదు. ఒక ట్రిప్పు ఒకళ్ళు, తిరుగు ట్రిప్పు ఇంకొకళ్ళు.

ఈ మాట వరండాలో పడక్కుర్చీలో ఉన్న మా మావయ్యగారి చెవిన పడింది. డెబ్భై ఎనిమిదేళ్ళాయన. నలభై ఏళ్ళు పొగాకు పండించారు. "ఇందులో కొత్తేముందే? పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మేం చేసిందదేగా. ఒకడు పొయ్యిలో కట్టె తోస్తాడు, ఇంకొకడు థర్మామీటర్ మీంచి కన్ను తియ్యడు. ఇద్దరూ పొయ్యి దగ్గరే కూర్చున్నారో, తెల్లారేసరికి ఆకు నల్లగా మాడి ఊరుకుంటుంది" అన్నారు.

మా అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి ఆయనవైపు చూసింది. "తాతగారూ! మా ఇన్‌స్ట్రక్టర్ రెండు గంటలు చెప్పింది మీరు ఒక్క ముక్కలో చెప్పేశారు!"

చూశారా, మా ఊరి పొగాకు బ్యారన్‌లో కాక్‌పిట్ దొరికింది!

ఆ పది రోజులూ మా ఇంట్లో ఒకటే పాట. చెక్‌లిస్టు! ఒకళ్ళు చదవాలి, రెండోవాళ్ళు మీట చూసి, తాకి, జవాబు చెప్పాలి. తెలిసిందే కదా అని దాటెయ్యకూడదు. చెక్‌లిస్టుకి ముందు చేతులు ఒక వరసలో కదలాలి, దాన్ని ఫ్లో అంటారు. తన చెయ్యి ఆ గోడ మీద పైనుంచి కిందకి, ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే నాకు ముగ్గు గుర్తొచ్చింది. చుక్కలు చూసుకోనక్కర్లేని చెయ్యి! తెల్లారుఝామున నేను కళ్ళాపి చల్లి ముగ్గేస్తుంటే లోపల తను కాగితం మీద మీటలు నొక్కుతూ ఉండేది. కరెంటు లేదు, ఇంజిన్ లేదు, చప్పుడు లేదు. అయినా ఒక మీట వరస తప్పితే "అయ్యో" అని మొదటికి వెళ్ళిపోయేది.

అన్నిట్లోకీ గట్టిది నిప్పు పాఠం. ఇంజిన్‌కి మంట అంటుకుంటే పుస్తకం తెరిచే టైముండదు, కంఠతా ఉండాలి. ఆ వైపు గరిటె వెనక్కి. ఆ వైపు అట్లకాడ ముందు ఫెదర్‌కి, అంటే ఫ్యాను ఆకులు గాలికి అంచు తిప్పేందుకు, తర్వాత ఇంధనం బంద్. ఫైర్ హ్యాండిల్ లాగు. పది సెకన్లాగి మంటలార్పే మందు వదులు. నాలుగే నాలుగు పనులు! నేను టకటకా చేసేశాను. మెచ్చుకుంటుందేమో అని చూస్తే, మెల్లిగా అంది: "పిన్నీ, నువ్వు ముట్టుకున్నది బాగున్న ఇంజిన్."

నా గుండె జారిపోయింది.

అప్పుడు చెప్పింది. 2015 ఫిబ్రవరి 4న తైపీలో సరిగ్గా ఇలాంటి విమానమే లేచిన కాసేపటికి ఒక ఇంజిన్ పనిచెయ్యడం మానేసింది. కంగారులో పైలట్ బాగున్న ఇంజిన్‌ని ఆపేశాడు. 58 మందిలో 43 మంది పోయారు. అందుకే లీవర్ మీద చెయ్యి వేసి, కదపకుండా, "ఎడమ ఇంజిన్, కన్ఫర్మ్?" అనాలి. రెండోవాళ్ళు కళ్ళారా చూసి "కన్ఫర్మ్" అన్నాకే కదపాలి. ఆ ఒక్క మాటకి ఎంత బరువుందో! ఆ రోజునుంచీ గ్యాస్ కట్టేసేటప్పుడు కూడా నేను "కన్ఫర్మ్?" అంటున్నాను. మా ఆయన హాల్లోంచి "కన్ఫర్మ్" అంటున్నారు.

ఇప్పుడు మావయ్యగారి సంగతి. ఇది చెప్పడానికే ఇంత తాపత్రయం.

మా ఇంట్లో ఆయన మాటకి ఎవరం ఎదురుచెప్పం. నా పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు, ఒక్కసారి కూడా "కాదండీ" అన్న గుర్తు లేదు. అలాంటాయన్ని మా అమ్మాయి కెప్టెన్ కుర్చీలో కూర్చోబెట్టింది. "తాతగారూ, మీరిప్పుడు విమానం దింపుతున్నారు. నేనేం చెప్పినా పలక్కండి. దిగుతూనే ఉండండి" అంది.

ఆయన బిగుసుకుని కూర్చున్నారు. గోడమీద బొమ్మ. కిటికీలోంచి ఎండ. మా అమ్మాయి మొదలుపెట్టింది.

"సింక్ రేట్." అంటే మరీ వేగంగా కిందకి జారుతున్నామని.

ఆయన పలకలేదు.

"కెప్టెన్, సింక్ రేట్ ఎక్కువగా ఉంది. గో అరౌండ్." అంటే దిగడం ఆపి మళ్ళీ పైకి లేపమని.

ఆయన పలకలేదు.

మరుక్షణం మా అమ్మాయి గొంతు మారిపోయిందండీ! ఖణేల్మంటూ, స్థిరంగా, ఎక్కడా వణుకు లేకుండా: "ఐ హ్యావ్ కంట్రోల్!" గరిటెలు రెండూ ఒక్క తోపుతో ముందుకి! ఇరవై నాలుగేళ్ళ పిల్ల, డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దాయన చేతుల్లోంచి విమానం తీసుకుంది!

ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మావయ్యగారు కాసేపు గోడవైపే చూశారు. "రెండుసార్లు చెప్పి ఊరుకోలేదు. మంచిది" అన్నారు. తర్వాత, "మళ్ళీ చెయ్యి" అన్నారు!

దీన్ని సీఆర్ఎం అంటారట. కాక్‌పిట్‌లో మనుషులు మనుషులతో ఎలా పనిచెయ్యాలో నేర్పే చదువు. అది ఎక్కడ పుట్టిందో విని నేను కదిలిపోయాను. 1978 డిసెంబరు 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర ఒక పెద్ద జెట్ విమానం చక్రాలు సరిగ్గా దిగాయో లేదోనన్న అనుమానంతో గంటసేపు ఆకాశంలో చక్కర్లు కొట్టింది. కెప్టెన్ ధ్యాసంతా చక్రాల మీదే. ఇంధనం అయిపోతోందని పక్కనున్నవాళ్ళు అన్నారు, కానీ గట్టిగా అనలేకపోయారు. విమానం ఎండిపోయిన ట్యాంకులతో కూలి పది మంది పోయారు. మరుసటి ఏడాది నాసా దీని మీద పెద్ద సదస్సు పెట్టింది. 1981లో ఆ కంపెనీయే తన పైలట్లకి మాట్లాడటం నేర్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతటా నేర్పుతున్నారు.

మాట్లాడటం! ముప్ఫై ఏళ్ళుగా నేను పిల్లలకి నేర్పుతున్నదదే కదా! పెద్దవాళ్ళ ముందు ఎలా మాట్లాడకూడదో నేర్పాను. ఎలా మాట్లాడి తీరాలో, గౌరవం తగ్గకుండా గొంతు ఎలా పెంచాలో నేర్పాలని నాకు తోచనేలేదు. విమానం నడపడమంటే చేతుల పని అనుకున్నాను. సగం నోటి పని, సగం చెవి పని! పదివేల అడుగుల లోపు విమానం గురించి తప్ప వేరే ముక్క మాట్లాడకూడదట. ఏటీసీ, అంటే నేలమీంచి విమానాలకి దారి చెప్పేవాళ్ళు, ఇచ్చిన ఆదేశాలు తిరిగి అప్పజెప్పాలట. అంకెలు కూడా పొరపాటు వినపడకుండా పలకాలి. త్రీని "ట్రీ" అంటారు, ఫోర్‌ని "ఫోవర్", ఫైవ్‌ని "ఫైఫ్", నైన్‌ని "నైనర్". ఉచ్చారణ మీద ఇంత పట్టింపున్న ఉద్యోగం ఇంకోటి ఉందా! నా ప్రాణం లేచొచ్చింది!

పది రోజులూ అయ్యాయి. తను సిమ్యులేటర్‌కి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి రాత్రుళ్ళు ఫోన్లు.

సిమ్యులేటర్ అంటే వీడియో గేమ్ లాంటిదనుకున్నాను. కానే కాదు! అచ్చమైన కాక్‌పిట్‌ని ఆరు కాళ్ళ మీద నిలబెట్టిన గది. కిటికీల్లో రన్‌వే, వాన, పొగమంచు. నేల మీంచి లేవదు గానీ లోపలున్న ఒంటికి ఆ సంగతి తెలియదు. రన్‌వే మీద పరుగెత్తుతున్నట్టు వీపు సీటుకి అతుక్కోవాలంటే ఏం చేస్తారో తెలుసా? గదిని మెల్లిగా వెనక్కి వంచుతారు! కళ్ళకి ముందుకెళ్తున్నట్టు కనిపిస్తుంది, చెవి లోపలి బ్యాలెన్సుకి ఒరగడానికీ వేగానికీ తేడా తెలియదు, ఒళ్ళు నమ్మేస్తుంది. అయ్యో నా చెవీ, ఇన్నాళ్ళూ నిన్నెంత నమ్మాను!

ఒక్క గంట కూడా యంత్రం ఖాళీ ఉండదు కాబట్టి ఒక్కోసారి అర్ధరాత్రి రెండింటికి క్లాసు. నాలుగు గంటలు. రెండు గంటలు తను నడిపితే రెండు గంటలు జోడీ పైలట్. వెనక కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ ఒక్క బటన్ నొక్కితే ఇంజిన్ పోతుంది.

వీ వన్ అని ఒక వేగం ఉంది. రన్‌వే మీద ఆ వేగం దాటాక ఏం జరిగినా ఆగకూడదు, లేచిపోవాల్సిందే, ఆగడానికి రన్‌వే చాలదు. ఆ రోజు బరువెంత, ఎండెంత, గాలెటు అని ముందే లెక్క కడతారు. మే నెలలో మన ఎండలకి గాలి పలచబడి విమానం బద్ధకిస్తుందట, లెక్కలు మారిపోతాయట! "వీ వన్" అనగానే కెప్టెన్ పవర్ లీవర్ల మీంచి చెయ్యి తీసేస్తాడు. ఆగాలన్న ఆశ కూడా చేతికి అందకుండా! నాకు ఒళ్ళు జలదరించింది.

సరిగ్గా అక్కడే ఇంజిన్ పీకేస్తారు. ఎడమ ఇంజిన్ పోతే ముక్కు ఎడమకి లాగేస్తుంది. కుడికాలితో రడ్డర్ తొక్కిపట్టాలి. "తొడ వణికిపోతుంది పిన్నీ" అంది. ఇక్కడో అద్భుతం వినండి: ఆ క్షణంలో చచ్చిన ఇంజిన్ ఫ్యాను ఆకులు తమంతట తామే గాలికి అడ్డం లేకుండా అంచు తిప్పుకుంటాయి. రెండో ఇంజిన్ ఎవరూ చెప్పకుండానే బలం పెంచుకుంటుంది! తోడు ఎద్దు కూలబడితే రెండోది మెడ బిగించినట్టు!

ఒక రాత్రి ఏం జరిగిందంటే, ఒక ఇంజిన్ మీద ఎగురుతుంటే ఏటీసీ ఫ్రీక్వెన్సీ మార్చమంది, క్యాబిన్ నుంచి ఫోన్ మోగింది, ముందర ఉరుములు, పైగా ఇన్‌స్ట్రక్టర్ ఏదో అడిగాడు, అన్నీ ఒక్క నిమిషంలోనే. వినగానే గావుకేక పెట్టాను. "ఇది అష్టావధానమే!" పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరు అక్షరం నిషేధిస్తారు, ఒకరు గంట కొడతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస మళ్ళిస్తారు. అవధాని తొణక్కుండా పద్యం నిలబెట్టుకోవాలి. ఇక్కడ పద్యం బదులు విమానం! కానీ తేడా ఒకటుంది, నాకు బాగా నచ్చిన తేడా. అవధాని అన్నీ ఒక్కడే మొయ్యాలి. ఇక్కడ ఇద్దరు. ముందు విమానం ఎగరనివ్వు, తర్వాత దారి చూడు, ఆ తర్వాతే మాట్లాడు అని వరస కూడా ఉంది. ఫోన్ మోగనీ! మోగితే మోగింది!

ఈతకొలనులో లైఫ్ జాకెట్లేసుకుని తెప్ప ఎక్కడం, పొగ నింపిన గదిలో దారి వెతుక్కోవడం, మంటలార్పడం, అవన్నీ ముందే అయిపోయాయట. సిమ్యులేటర్ పరీక్ష నెగ్గాక ఖాళీ విమానం మీద నిజంగా దిగడాలూ లేవడాలూ. ఆ తర్వాత ప్రయాణికులతో, పక్కన శిక్షణ ఇచ్చే కెప్టెన్‌తో, చాలా రోజులు. అప్పుడు గానీ మామూలు డ్యూటీలో పడరు. మనం నిద్రపోతూ వెళ్ళే గంట ప్రయాణం వెనక ఇంతుంది!

ఇది విన్నాక నేను ఆగగలనా! పని కల్పించుకుని పోయిన వారం గన్నవరం నుంచి హైదరాబాద్‌కి టిక్కెట్ కొన్నాను. ఏటీఆరేనని రెండుసార్లు చూసుకుని మరీ! జంగారెడ్డిగూడెంలో మూడింటికి బయల్దేరితే ఏలూరు దాటేసరికి తెల్లవారింది.

ఇదివరకు నాలుగైదుసార్లు విమానం ఎక్కాను. కానీ చూడటం ఇదే మొదటిసారి!

మెట్లు తోక దగ్గర. జనమంతా వెనకనుంచి ఎక్కితే విమానం వెనక్కి కూర్చోకుండా తోక కింద ఊతకర్ర ఉంది! ఎద్దుల్ని విప్పాక బండికి పెట్టినట్టు! కుడివైపు, ఫ్యాను కనపడే కిటికీ నాది. ఇంజిన్ ఝుమ్మని మోగుతోంది, ఫ్యాను మాత్రం కదలట్లేదు! పక్కాయన "చెడిపోయిందేమో" అన్నాడు. నేను ఉప్పొంగిపోయి చెప్పాను. లోపల రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టారనుకోండి. ఒకటి కరెంటుతో తిరిగితే దాని గాలికి రెండోది తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో పట్టుకున్నా మొదటిది తిరుగుతూనే ఉంటుంది కదా! బయటి ఆకులు ఆ రెండోదానికి తగిలించినవి. బ్రేకు వేసి పట్టుకున్నారు. ఈలోపు లోపలి ఇంజిన్ మనకి కరెంటూ చల్లగాలీ ఇస్తోంది. దాన్ని హోటల్ మోడ్ అంటారు. హోటల్‌లో కూర్చున్నట్టు సుఖంగా అన్నమాట!

ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, "మీరు పైలటాండీ?" అన్నాడు. ఆహా, ఆ మాట!

బ్రేకు వదిలారు. నల్లటి ఆకులు ఒకటీ, రెండూ, మూడూ, నిద్ర లేచినట్టు కదిలి, వేగం పుంజుకుని, పలచటి వెండి పొరలా మాయమైపోయాయి.

రన్‌వే మీద పైలట్లు వేగం చూసి పైకి చెప్పుకునే మాటలు నేను లోపల లోపలే అనుకున్నాను. "సెవెంటీ నాట్స్." "వీ వన్." "రొటేట్." నేల జారిపోయింది! కిటికీలోంచి చక్రం కనపడుతోందండీ, గుండ్రంగా, నల్లగా, ఇంకా తిరుగుతూ, మడుచుకుని పొట్టలోకి వెళ్ళిపోయింది! ఓ నిమిషానికి ఇంజిన్ల మోత తగ్గింది. ఇదివరకైతే ఆ క్షణంలో మద్ది ఆంజనేయస్వామికి మొక్కేదాన్ని, ఇంజిన్ ఆగిపోతోందని. ఇప్పుడు తెలుసు! ఫ్యాను నిమిషానికి 1,200 చుట్ల నుంచి 984కి తగ్గిందంతే. నేల మీంచి లేచే పని అయ్యాక దమ్ము పీల్చుకుంటోంది. నా పక్కాయన సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "ఏం కాదండీ, ఎనభై రెండు శాతం" అన్నాను.

విమానం మలుపు తిరిగేలోపు కుడివైపు దూరంగా కొల్లేరు! పొద్దుటి ఎండకి చేపల చెరువులన్నీ పగిలిన అద్దం ముక్కల్లా, మధ్యమధ్య పచ్చటి గట్లు, ఎక్కడో ఆటపాక వైపు తెల్లటి చుక్కలు. పెలికాన్లో, నా కళ్ళ భ్రమో! గూడు కట్టుకోవడానికి వచ్చే ఆ పక్షులు కూడా పైలట్ల పాఠంలో ఉన్నాయి. వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ ఎక్కుతాయి కాబట్టి ఎప్పుడు ఎంత ఎత్తులో ఉంటాయో తెలిసుండాలి. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న కొల్లేరుని మొదటిసారి చూశాను.

రెక్క అంచున నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది, అదీ చూడండి. ఎత్తులో మబ్బుల్లో మంచు పేరుకుంటే ఆ రబ్బరు గాలితో ఉబ్బి మంచుని ఫటేల్‌మని పగలగొడుతుంది. మన ఎండల దేశంలో, నెత్తి మీద, మంచు!

ఒక్క విషయం మాత్రం మనసుని పట్టి లాగుతోంది. మా అమ్మమ్మగారిది తాడేపల్లిగూడెం. రెండో ప్రపంచయుద్ధంలో అక్కడ బ్రిటిష్ వాళ్ళు వేసిన రన్‌వే ఉంది. మా మేనమామ నాకు సైకిల్ నేర్పింది దాని మీదే. ఇంత తిన్నటి, ఇంత వెడల్పాటి, ఎక్కడికీ పోని రోడ్డు ఎందుకేశారో అని అడిగితే "ఏరోడ్రమ్మే" అన్నాడు. ఆ మాటకి అర్థం అడగలేదు. నలభై ఏళ్ళ తర్వాత, నా అక్క కూతురు చెబితే తెలిసింది, నేను సైకిల్ తొక్కింది ఎక్కడో!

ఇంకో పేరు కూడా తనే చెప్పింది. ప్రేమ్ మాథుర్. 1947లో కమర్షియల్ లైసెన్సు తెచ్చుకున్న ఆవిడకి ఆడపిల్లని చాలా కంపెనీలు ఉద్యోగం ఇవ్వలేదు. ఇచ్చింది ఎవరు? మన హైదరాబాద్! నిజాం సర్కారూ టాటాలూ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్, బేగంపేట నుంచి డకోటాలు నడిపిన చిన్న ప్రాంతీయ కంపెనీ. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ కూర్చున్నది మన కంపెనీ కాక్‌పిట్‌లో! 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఇవాళ మన దేశపు పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళు, ప్రపంచ సగటుకి సుమారు మూడింతలు. ఇంత గొప్ప సంగతి నాకు యాభై రెండేళ్ళ వయసులో తెలిసిందంటే, మీలో కూడా తెలియనివాళ్ళు ఉండే ఉంటారు. ఇవాళే పిల్లలకి చెప్పండి!

మీరూ చూడండి! ఈసారి రాజమండ్రి నుంచో, గన్నవరం నుంచో ఫ్యాన్ల విమానం ఎక్కితే కుడివైపు కిటికీ అడగండి. ఫోన్ పక్కన పెట్టండి. ఫ్యాను కదలని ఇంజిన్ మోత వినండి. చక్రం మడుచుకోవడం చూడండి. మోత తగ్గినప్పుడు నవ్వుకోండి. దిగేటప్పుడు చక్రం నేలని తాకి పొగ చిమ్మే క్షణం కిటికీలోంచే కనపడుతుంది, రెప్ప వెయ్యకండి. దిగిపోతూ కాక్‌పిట్ తలుపువైపు ఒక్కసారి తిరిగి దణ్ణం పెట్టండి.

సిమ్యులేటర్ పరీక్ష వచ్చే వారం. గోడమీద బొమ్మ తియ్యనివ్వలేదు నేను. బియ్యం డబ్బాలో గరిటెలు అలాగే ఉన్నాయి, వంటకి కొత్తవి కొన్నాను. మావయ్యగారు పొద్దున్నే కాఫీ తీసుకెళ్ళి కుడివైపు కుర్చీలో కూర్చుంటున్నారు. పక్కింటి పిల్లాడు, మూడో తరగతి, బడికెళ్ళే ముందు వచ్చి కెప్టెన్ కుర్చీ ఎక్కుతున్నాడు.

ఇవాళ పొద్దున వంటింట్లోంచి విన్నాను. "సెవెంటీ నాట్స్" అన్నారు మావయ్యగారు, గొంతు సవరించుకుని.

"చెక్!" అన్నాడు వాడు.